ఒడ్డున ఒక గుండె

"బయపడే గుండె కావాల నీకు. అంతే కదా?" అంది జగ్గమ్మ, ఇసక మీద పరిచిన వలలో నెత్తళ్ల చేపలు ఆరబోస్తూ.

"అంతే పిన్నీ," అన్నాడు వైకుంఠరావు.

అతను బరంపురంలో పట్టు నేసే ఇంట్లో పుట్టి, బొమ్మలు గీసే చదువు చదివినవాడు. చీరలు నేయమంటే నేయడు, లెక్కలు నేస్తానంటాడు. కిందటేడు అక్కడి గేట్ బజార్ రొదంతా మిషనుతో కొలిచి ఆ లెక్కల ప్రకారం గుడ్డ నేస్తే, సొంత తండ్రే దాన్ని తిరగేసి బోర్లేసి చూసి మడతపెట్టేశాడు. ఈసారి అతని చూపు జాలర్ల ఊరైన ఈ రామయ్యపట్నం మీద పడింది. మగవాళ్లు సముద్రం మీద ఉన్నంతసేపూ ఒడ్డున ఆడవాళ్ల గుండె ఎలా కొట్టుకుంటుందో అతనికి కావాలి.

"దీన్ని జబ్బకి కట్టుకో," అంటూ నల్లటి పట్టీ ఒకటి తీశాడు. "నీ గుండె ఎప్పుడు ఎంత వేగంగా కొట్టుకుందో వారం రోజులపాటు దీంట్లో పడుతుంది. నెమ్మదిగా ఉన్నప్పటికి నీలం పోగు, దడ పెరిగినప్పటికి ఎర్ర పోగు. అలా వరసగా నేసుకుంటూ పోతాను."

"ఉప్పునీళ్లు తగిల్తే సెడిపోదు కదా?"

"ఏం కాదు. చేపలు కడుక్కో, స్నానం చెయ్యి, నీ ఇష్టం."

"అలగైతే ఇలాగియ్యి," అని పట్టీని కొంగున ముడేసుకుంది జగ్గమ్మ.

ఆమె మొగుడు దాలయ్య ఫైబర్ బోటుకి తెడ్డు పట్టేవాడు. అరవై దాటాయి. పోయిన వానాకాలం ఒడ్డుకి వస్తూ అలల దగ్గర బోటు బోల్తా పడితే, అదే బోటులో పనిచేసే కుర్రాడు కొండలు అతన్ని జుట్టు పట్టి పైకి లాగాడు. అప్పట్నించీ ఇంట్లో రోజూ ఒకటే గొడవ.

"సాలు మావా, ఇంక యేటకెల్లకు."

"ఎందుకెల్లకూడదు? తెడ్డు అట్టుకుని కూకోడమే నా పని, తోసీది ఇంజిను. నాకు బయమేసిననాడు నానే మానేత్తాను."

భయం వేసిందో లేదో చెప్పాల్సింది దాలయ్యే, దాలయ్య చచ్చినా చెప్పడు. దాంతో జగ్గమ్మ నోరు మూతపడిపోయేది. కానీ చేతులు ఊరుకునేవి కావు. వారానికో మొక్కు మొక్కేది. వైకుంఠరావు పట్టీ ఇచ్చిన వారమూ బోటు ముక్కుకి నిమ్మకాయలు గుచ్చింది, తెడ్డుకి పసుపు రాసింది, మొగుడి జబ్బకి గవ్వ కుట్టిన ఎర్ర గుడ్డ తాయెత్తు కట్టింది.

"నీ బయాలన్నీ నా ఒంటికి కడతావేటే!" అని దాలయ్య నవ్వాడు. అయినా కట్టించుకున్నాడు. వారం తిరగ్గానే మొక్కు తీరిందని ఆమె విప్పేస్తే, జబ్బ బోసిపోయిందని గొణుక్కున్నాడు కూడా.

వైకుంఠరావు గుడ్డ నేసేసరికి చలికాలం వచ్చింది. గేట్ బజార్ దగ్గర ఒక హాల్లో దాన్ని వేలాడదీసి, ముగ్గురికీ ఆటో పంపాడు. కొండలు కొత్త చొక్కా వేసుకున్నాడు. దాలయ్య అయితే పెళ్లివారింటికి వెళ్లినట్టు నూనె రాసుకుని దువ్వుకున్నాడు.

పైనుంచి కిందికి నిలువెత్తు పట్టుగుడ్డ. చాలామట్టుకు నీలం. ప్రతి రోజుకీ రెండేసి ఎర్ర చారలు, నిప్పు రాజేసినట్టు.

"ఇది బాబాయ్, బోట్లు అలలు దాటి లోపలికెళ్లే వేళ," అన్నాడు వైకుంఠరావు చారల్ని చూపిస్తూ. "ఇది తిరిగొచ్చే వేళ. తప్పకుండా రోజూ!"

దాలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒసే జగ్గా! ఇంత పిరికి గుండేటే నీది? ఆ టయానికి నువ్వు ఒడ్డున కబుర్లాడతా కనిపిత్తావు కదే!"

"ఎవులి గుండె ఎలగాడతాదో బయిటికి కనిపిస్తాదేటి మావా," అంది జగ్గమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నా గుండె నేసుంటేనా, మొత్తం నీలమే! ఒక్క ఎర్ర పోగు కనిపిత్తే తెడ్డు ఈ కొండలు సేతికిచ్చీసి, నీ పక్కన కూకుని నెత్తళ్లు ఆరబోత్తాను. ఇన్నావేటిరా కొండలూ?"

"ఇన్నాను మావా."

"నానూ ఇన్నాను," అంది జగ్గమ్మ.

నవ్వు తగ్గాక దాలయ్య మళ్లీ గుడ్డ వైపు చూశాడు. ఆ ఎరుపు చూస్తున్నకొద్దీ అతనికి పెళ్లాం మీద నిజంగానే జాలేసింది. ఇంత దడ లోపల పెట్టుకుని, ఇన్నేళ్లూ తనకి చద్ది మూటగట్టి పంపిందా?

"ఏనాడూ సెప్పనేదేటే?" అన్నాడు మెల్లగా.

"సెప్పుకోడానికి సిగ్గేసుంటాది మావా," అంది ఆమె. "ఆ పక్కనే అద్దాల పెట్టిలో గుండె కొలిసిన పట్టీని కూడా పెట్టినారంట. నువ్వు దాన్ని ఏనాడూ సూడనేదు కదా, ఎల్లి సూడు."

"చూడు బాబాయ్, పిన్ని దాన్ని ఎంత ముచ్చటగా ముస్తాబు చేసిందో," అన్నాడు వైకుంఠరావు. "ఉప్పు మరక కూడా తుడవలేదు. ఎలా ఇచ్చిందో అలాగే పెట్టాను."

దాలయ్య వెళ్లి, చూపు సరిగా ఆనక అద్దానికి ముక్కు తాకేలా వంగాడు.

పెట్టెలో ఉన్నది తన తాయెత్తు.