కత్తుల పెట్టె

“ఇవ్వను.”

కొత్తపిల్ల ఆ మాట అన్నది సాక్షాత్తూ మేస్త్రితో. బైండింగు షాపులో సూదులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“అట్ట అంచు ఒకటి సరిచెయ్యాలి. ఒక్క కత్తి చాలు. తాళంచెవి తియ్యి,” అని మేస్త్రి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వణుకుతోంది. కోపంతోనే అయ్యుంటుంది, అంత మాటంటే ఎవరికి రాదు?

“ఇప్పుడు కాదండీ.”

“నీ ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడనివ్వండి. ముందు ఇలా కూర్చోండి. ఈ ఫారాలు లెక్కపెట్టండి. రెండు వందలయ్యాక మాట్లాడుకుందాం.”

ముప్పై ఏళ్లుగా ఆ షాపుని కంటిచూపుతో నడిపిన మేస్త్రి, బుద్ధిగా స్టూలు లాక్కుని, అచ్చయి వచ్చిన ఫారాల కట్ట ముందు కూర్చున్నాడు.

సూదక్క పటుక్కున పళ్లతో దారం కొరికింది. కొరకాల్సింది దారం కాదని ఆమెకు తెలుసు. పుస్తకాలు కుట్టడంలో ఆ షాపులో ఆవిడే పెద్ద. మనుషుల్ని కుట్టడంలో అంతకన్నా పెద్ద. పేరు ఊరికే రాలేదు.

ఆ షాపులో పొద్దున కోత పని, మధ్యాహ్నం కుట్టు పని. కోత అవగానే ఎనిమిది కత్తులూ లెక్కపెట్టి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి అందరికన్నా సీనియరు మెడలో ఉంటుంది. కిరీటమూ అదీ ఒకటే. కిరీటం నెత్తికెక్కుతుంది, ఇది మెడకెక్కుతుంది. పదకొండేళ్లు సూదక్క మెడలో ఉన్న ఆ తాళంచెవిని కిందటి నెల మేస్త్రే వచ్చి అడిగి తీసుకుని, చేరి మూడు వారాలైనా కాని కొత్తపిల్ల మెడలో వేశాడు. ఎందుకో చెప్పలేదు. తాళం పోయినప్పటినుంచీ సూదక్క తాళలేకుండా ఉంది.

“చూశావా మామా, పెత్తనం,” అంది పక్కనే అట్టలకు జిగురు రాస్తున్న ముసలాయనతో. అందరికీ ఆయన జిగురు మామ.

“చూస్తూనే ఉన్నానమ్మా. గురువారం గురువారం ఇద్దరూ మధ్యాహ్నమే కలిసి వెళ్లిపోతున్నారు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు.”

“జిగురు నీ చేతిలో ఉంటే, అంటుకున్నది వాళ్లిద్దరూ. దీని వాలకం వచ్చిన మూడోరోజే తెలిసింది మామా. మేస్త్రన్న మణికట్టు మీద కట్టు చూసి, ‘ఎలా అయింది, నిజం చెప్పండి’ అంది. పేపరు కోసిందమ్మా అన్నాడాయన. వింటేనా? ఆయన గదిలోకెళ్లి గంటసేపు కూర్చుంది. బైండింగు షాపులో పేపరు కోసిందంటే నమ్మని మనిషిని దీన్నే చూశా. చేపల బజారులో నిలబడి ఈ వాసనెక్కడిదని అడిగినట్టు.”

మామ తన వేళ్లు చూసుకుని నవ్వాడు. అన్నీ గీతలే. అక్కడ ఎవరి చేతిగీతలైనా జాతకం రాసినవి కావు, కాగితం రాసినవి.

“నూట పన్నెండు,” అన్నాడు మేస్త్రి. చెమటలు కారుతున్నాయి. ఎండలు మండిపోతున్నా ఆయన పొడుగుచేతుల చొక్కాకి మణికట్టు గుండీ ఊడదు. పెద్దమనిషి తరహా అంటే అలా ఉండాలని సూదక్క అందరికీ చెబుతుంటుంది.

“కాసిని నీళ్లు తాగండి. మళ్లీ మొదటినుంచి లెక్కపెడదాం,” అంది కొత్తపిల్ల.

సూదక్క లేచింది.

“ఏమే, పనిలోకొచ్చిన పిల్లవా, పాఠం చెప్పే పంతులమ్మవా? పదకొండేళ్లు నా దగ్గరుంది ఆ తాళంచెవి. అన్న ఎప్పుడడిగినా, అందరూ ఇళ్లకెళ్లే వేళకి అడిగినా, ఎందుకని ఒక్కనాడు అడిగానా? తీసి చేతిలో పెట్టా. మర్యాదంటే అదీ. నేర్చుకో.”

“అందుకేనక్కా...” అని కొత్తపిల్ల నాలిక కరుచుకుంది. “అది నేను చెప్పే మాట కాదు.”

“నువ్వు చెప్పేదేంటి, నేను చెబుతున్నా. రేపట్నించి ఈ షాపులో నువ్వన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి.”

అని, ఆ పిల్ల మెడలో తాడు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తాడు తెగింది. కొత్తపిల్ల పరుగెత్తి పెట్టెకు అడ్డంగా నిలబడింది.

“తిట్టు అక్కా, కొట్టు. పెట్టె మాత్రం తెరవకు. ఇవాళ అసలొద్దు.”

సూదక్క ఆమెను భుజంతో ఒక్క తోపు తోసి, పెట్టె తెరిచి, ఆ పొద్దున్నే సానపట్టిన కత్తి తీసి, పిడి మేస్త్రి వైపు తిప్పి పట్టుకుంది.

“తీసుకో అన్నా. ఎవరడ్డమొస్తారో నేనూ చూస్తా.”

మేస్త్రి కత్తి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీదే కూర్చున్నాడు.

“లోపల పెట్టెయ్ చెల్లెమ్మా. తాళం వేసి, చెవి ఆ పిల్లకే ఇచ్చెయ్. నేనడిగినా, బతిమాలినా, ఉద్యోగం పీకేస్తానన్నా ఇవ్వొద్దని దానికి చెప్పింది నేనే. గురువారం గురువారం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నదీ అదే.”

సూదక్క నోట్లో సూది విరిగినట్టయింది. “పదకొండేళ్లలో నేను చేసిన తప్పేంటన్నా?”

“తప్పేం లేదమ్మా. నువ్వు అడగలేదు. అది అడిగింది. కోప్పడకుండా, పారిపోకుండా అడిగింది.”

“ఏమని?”

మేస్త్రి చేతులు బయటికి తీసి, మణికట్టు గుండీ విప్పి, చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు.

“ఇవి పేపరు కోసినవి కావు.”