సర్కారు మొగుడు

“ఆ దేశానికి ఎలా వెళ్ళాలే?” అని అడిగింది నెనెంగ్, తలకి పెట్టిన రంగు చెవుల మీదికి కారుతుంటే.

క్లారిబెల్ చదవడం ఆపేసింది. “నెనెంగ్ ఆంటీ! అది వెళ్ళాల్సిన దేశం కాదు, పారిపోవాల్సిన దేశం!”

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్ళో క్లారిబెల్ వాళ్ళమ్మ పురింగ్ నడిపే బ్యూటీ పార్లర్ అది. క్లారిబెల్ తన మొదటి నవల రాసింది. కుర్రకారు చదువుకునే ప్రేమకథ. జరిగేది ఎప్పుడో రాబోయే కాలంలో, ఒక క్రూరమైన రాజ్యంలో. మనీలా ఎడిటరు రాతప్రతిని తిప్పి పంపింది. “ప్రేమ బానే ఉందమ్మా, భయమే లేదు. చదివినవాళ్ళు వణకాలి. లేదంటే పుస్తకం వెయ్యను” అంది. ఎక్కడ వణుకుతారో చూద్దామని పార్లర్‌కి వచ్చినవాళ్ళకి చదివి వినిపిస్తోంది క్లారిబెల్. ఎవరూ వణకడం లేదు.

“మళ్ళీ చెప్తున్నా, సరిగ్గా వినండి. పద్దెనిమిదేళ్ళు నిండగానే పిల్లకి మొగుణ్ణి సర్కారే కేటాయిస్తుంది. ఆమె ఇష్టంతో పని లేదు.”

“ఊరికే అంటగడతారా, పరీక్ష చేసి ఇస్తారా?” గోళ్ళరంగు ఆరబెట్టుకుంటూ అడిగింది సాలుద్.

“పరీక్ష చేస్తారు. ఆరోగ్యం, కోపం, పనిచేసే ఓపిక, అన్నీ.”

“తాగుడు?”

“తాగితే జైలు.”

“కోడిపందాలు?”

“ఉరి!” గొంతు వీలైనంత భయంకరంగా పెట్టి అంది క్లారిబెల్.

సాలుద్ తడిగోళ్ళ సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టింది. “పాతవాణ్ణి ఇచ్చేసి కొత్తవాణ్ణి తెచ్చుకునే పద్ధతేమైనా ఉందేమో చూడవే” అంది నెనెంగ్ ఆశగా.

క్లారిబెల్ తల్లి వైపు తిరిగింది. “అమ్మా, నువ్వైనా చెప్పు. నీకేమీ అనిపించలేదా?”

“అనిపించింది. చీకటిపడ్డాక మగాళ్ళెవరూ రోడ్డు మీద కనపడకూడదని రాశావు చూడు, అక్కడ…”

“భయమేసింది కదూ?”

“కడుపు నిండిపోయిందే. ఎంత చల్లని రాజ్యం!” అంది పురింగ్.

క్లారిబెల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఇంక వీళ్ళతో లాభం లేదనుకుని, కనీసం ప్రేమైనా వింటారని హీరో వచ్చే చివరి అధ్యాయం తీసింది.

“భుజాల దాకా జుట్టు. వీపున గిటారు. మోటార్ సైకిల్ ఆపి కైడెన్ ఆమె కిటికీలోంచి లోపలికి దూకాడు. ‘నాకు ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. రేపు ఏమవుతుందో తెలీదు. నా దగ్గరున్నది ప్రేమ ఒక్కటే. నాతో వచ్చెయ్’ అన్నాడు.”

సాలుద్ నెనెంగ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఉద్యోగం లేదట, విన్నావా?”

“కిటికీ మూసెయ్యమనవే దాన్ని!”

“ఆపు తల్లీ, ఆపెయ్. నా గుండె దడదడలాడుతోంది” అంది పురింగ్.

సరిగ్గా అప్పుడే బయట మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది. తలుపు తోసుకుని ఒక కుర్రాడు లోపలికొచ్చాడు. భుజాల దాకా జుట్టు. వీపున గిటారు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కెవ్వుమన్నారు.

“అమ్మా, ఇతనే ఎల్మెర్. నీకు చూపిద్దామని నేనే రమ్మన్నాను” అంది క్లారిబెల్ తలొంచుకుని.

పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టే అక్కడి పద్ధతిలో, ఎల్మెర్ వంగి పురింగ్ చెయ్యి తన నుదుటికి తాకించుకున్నాడు. ఆమె అతన్ని కుర్చీలో కూలేసి, మెడచుట్టూ గుడ్డ బిగించి, కత్తెర తీసింది. నెనెంగ్ వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

“ఏం చేస్తుంటావు బాబూ?” అంది పురింగ్.

“నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తానండీ.”

“పర్మనెంటేనా?” నెనెంగ్ అడిగింది.

“అవునండీ.”

“తాగుతావా?”

“వాసన పడదండీ. తుమ్ములొస్తాయి.”

“కోడిపందాలు?”

“రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయండీ.”

“మరి ఈ జుట్టేమిటి?”

ఎల్మెర్ అద్దంలోంచి భయంభయంగా క్లారిబెల్ వైపు చూశాడు. “తనే పెంచమందండీ. మెడంతా చెమటకాయలు. మీరు ఏమీ అనుకోకపోతే… కత్తిరిస్తారా?”

“ఎల్మెర్!” అని అరిచింది క్లారిబెల్. “పోనీ గిటారైనా వాయించి చూపించు వీళ్ళకి!”

“నాకు రాదు కదా క్లారీ. నువ్వే కొనిచ్చి వీపున వేసుకు తిరగమన్నావు.”

“ఆ బండి?” అంది సాలుద్.

“మా బావదండీ. నేను తోలుతుంటే సైకిళ్ళు దాటిపోతాయి.”

కత్తెర కసకసమంది. జుట్టు గుత్తులుగుత్తులుగా నేల మీద పడింది. పక్కపాపిడి తీసి దువ్వేసరికి, ఎల్మెర్ అచ్చం పాస్‌పోర్టు ఫొటోలోంచి దిగొచ్చినట్టున్నాడు. అతని మొహంలో అంత సుఖం క్లారిబెల్ ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళు అతని చుట్టూ చేరి పెళ్ళి ఎప్పుడు, ఏ చర్చిలో, విందుకి ఎన్ని పందుల్ని కాల్చాలి అని మాట్లాడేసుకుంటున్నారు. పక్కనే నిలబడ్డ క్లారిబెల్‌ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆమె లోపలిగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, నవల చివరి అధ్యాయం మొదట్నుంచీ తిరగరాసింది. ఈసారి కైడెన్ కిటికీలోంచి దూకలేదు. జుట్టు కత్తిరించుకుని, నవ్వుకుంటూ వచ్చి, సర్కారు పెట్టిన పరీక్షలన్నీ నూటికి నూరు మార్కులతో పాసై, హీరోయిన్ పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. రాజ్యమంతా హర్షధ్వానాలు.

వారం తిరక్కుండా మనీలా నుంచి ఎడిటర్ ఫోన్ చేసింది. ఆమె గొంతు ఇంకా వణుకుతోంది.

“వెన్నులో చలి పుట్టిందమ్మా! పుస్తకం వేస్తున్నాం. ఇంత ఘోరమైన ముగింపు ఎలా ఊహించావు?”

“ఊహించడానికేముంది మేడమ్,” అంది క్లారిబెల్, “వచ్చే నెల్లోనే పెళ్ళి.”