గుర్తింపు లేని సంఘం

“ఇంత మంచి ఇంగ్లీషు మీకెవరు రాసిపెట్టారయ్యా?” తహసీల్దారు నాగేశ్వరప్రసాద్ గారు ఐదోసారి అడిగారు.

వలలు ఆరేసిన ఇసుకలో ముప్ఫైమంది పల్లెవాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. పక్కన బల్ల మీద ఫైలు పెట్టుకుని కూర్చున్న గుమాస్తా భాస్కరం కలం మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట తుఫానులో ఈ పల్లెలో నలభై ఒక్కమంది పోయారు. ఇప్పుడు చాలా దేశాల ప్రభుత్వాలు కలిసి నడిపే ఒక ప్రపంచ సంస్థ తుఫాను షెల్టరుకి డబ్బిస్తోంది. మంచిదే. కానీ మన సర్కారువాళ్లు చూపించిన జాగా గోదావరి పాయకి అవతల, నాలుగు మైళ్ల దూరాన! తుఫానులో పాయ దాటేదెవరు? మా మాట కూడా వినండి మహాప్రభో అని పల్లెవాళ్లు సంఘం పెట్టుకుని, ఇంగ్లీషులో టైపు చేయించిన అర్జీ ఒకటి నేరుగా ఆ సంస్థ ఉండే జెనీవాకి పంపారు.

జవాబు మర్యాదగానే వచ్చింది. తమ బృందం కాకినాడ వచ్చి మీటింగు పెడుతుందట. అయితే మీ ప్రభుత్వం గుర్తించిన సంఘాలనే లోపలికి రానిస్తారట. అర్జీ మాత్రం ఢిల్లీకి, అక్కణ్నుంచి హైదరాబాదుకి, కాకినాడకి, చివరికి ‘విచారించి రిపోర్టు పంపండి’ అంటూ తాలూకా ఆఫీసుకే దిగొచ్చింది. షెల్టరుకి ఆ జాగా చూపించిందే ఈ ఆఫీసు. ఎవరి మీద మొర పెట్టుకున్నారో వాళ్లే విచారణకొచ్చారు. చోద్యం కాకపోతే ఏంటి!

“మీ వెనకాల ఎవడో ఉన్నాడు. వాడి పేరు చెప్పండి, సంఘం నిజమైనదేనని ఇప్పుడే రాసిస్తాను. ఎల్లుండి కాకినాడలో దర్జాగా కుర్చీల్లో కూర్చుందురుగాని,” అన్నారు తహసీల్దారు గారు. “లేదంటే బోగస్ సంఘమని రాస్తాను. గేటు దగ్గరే ఆపేస్తారు.”

సంఘం ప్రెసిడెంటు సత్తియ్య తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. “పేరొద్దండి బాబూ. ఇంకేదైనా అడగండి.”

“చెప్పెయ్యి సత్తియ్యా!” భాస్కరం గొంతు ఉన్నట్టుండి పెద్దదైంది. “పేరుదేముంది? ఇంతమంది ప్రాణాల కంటే ఎక్కువా అది? చెప్పెయ్యి!”

తహసీల్దారు గారు మెచ్చుకోలుగా తలాడించారు.

పాపాయి ముందుకొచ్చింది. ఆ తుఫానులో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. కాకినాడలో దొరల ముందు ఏం చెప్పాలో నెలరోజులుగా తనలో తనే వల్లె వేసుకుంటోంది.

“చెప్పమండి,” అంది. “ఆయనకీ పిల్లలున్నారండి. మా కోసం ఆళ్ల నోటికాడ కూడు తీసేత్తామా?”

భాస్కరానికి దుఃఖం ముంచుకొచ్చింది. గవర్నమెంటు ఉద్యోగి విచారణలో ఏడిస్తే ఏం బాగుంటుంది? పెదవి కొరుక్కుని ఫైలులోకి తల దించుకున్నాడు.

“మీ ఖర్మ!” తహసీల్దారు గారు లేచారు. “రాసుకోవయ్యా భాస్కరం. ఈ పేరుతో సంఘమేదీ లేదు. ఇదెవడో ఆకాశరామన్న పని. అంతే.”

పాపాయి ఇసుకలో కూలబడింది. ఆమెని లేపడానికి ఎవరూ కదల్లేదు.

భాస్కరం రాశాడు. మధ్యలో రెండుసార్లు కలం ఆగింది. సంతకానికి కాగితం ముందుకు జరుపుతూ “అయ్యా...” అన్నాడు.

“ఏంటయ్యా?”

“ఏం లేదండి,” అన్నాడు, ఆ అర్జీ రాసిన భాస్కరం.