మందం ముందుకు

"తిప్పి పెట్టు. మందం వెనక్కి," అన్నాడు మేస్త్రి.

జీపు కింద వెల్లకిలా పడుకున్న తమ్ముడు కదల్లేదు.

"వినపడలేదా?"

"వినపడింది. ఆ మాట నీ నోట వస్తుందనుకోలేదన్నా."

ఆదివారం మధ్యాహ్నం. గ్యారేజీ షట్టరు సగానికి దించి ఉంది. గ్యారేజీ మేస్త్రిది. తమ్ముడు అందులోనే వెల్డింగు చేస్తాడు. జీపుకి పైకప్పు లేదు, ముందు అద్దం లేదు. ఎడమ తలుపు గోడకి ఆనించి ఉంది. సీట్ల మీద బురద ఎండి పెచ్చులుగా లేస్తోంది.

కొండదారుల్లో తిరగడానికని దాని యజమాని ఎత్తు పెంచమన్నాడు. పెంచారు. ఇప్పుడు ఆ పని సరిగా జరగలేదని ఫిర్యాదు ఇచ్చాడు. సోమవారం పదింటికి రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు. అప్పటిదాకా బండిని ఎవరూ తాకకూడదన్నాడు. ముందు చక్రాలను కలిపే యాక్సిల్‌లో తప్పు దొరికితే గ్యారేజీ లైసెన్సు పోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళ గ్యారేజీ.

సైకిలు ముందు గొట్టం వెనక్కి వాలి ఉంటుంది. అందుకే చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోతుంది. జీపు ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉండాలి. గ్యారేజీల్లో దాన్ని క్యాస్టర్ అంటారు. అది పోతే, మలుపులో తిప్పిన స్టీరింగు మళ్ళీ తనంతట తాను తిన్నగా రాదు. వేగంలో బండి చేతికి చిక్కదు.

ఎత్తు పెంచినప్పుడు ఆ వాలు తగ్గుతుంది. సరిచేయడానికి, బండి బరువు మోసే కమాన్‌పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జి పెడతారు. ఒక అంచు మందంగా, ఇంకో అంచు పలచగా ఉండే ఇనప ముక్క. మేస్త్రికి పని నేర్పినవాడు చెప్పింది ఒకటే మాట: మందం ముందుకు. పాత జీపుల్లో పట్టీలు యాక్సిల్ కింద ఉండేవి. వాటికి ఆ మాట సరిపోయింది. ఈ జీపుని లేపడానికి పట్టీలను యాక్సిల్ పైకి మార్చారు. మందం మాత్రం ముందుకే పెట్టారు.

పదిరోజుల కిందట, గ్యారేజీలోనే పనిచేసే మేస్త్రి కొడుకు ఆ సంగతి చెప్పాడు. యజమాని ఎదుటే చెప్పాడు.

"నాన్నా, పట్టీలు పైకొచ్చాయి. ఇప్పుడు మందం వెనక్కి ఉండాలి. కావాలంటే మీటరు పెట్టి చూద్దాం."

"నేను జీపులు విప్పేనాటికి నువ్వింకా పుట్టలేదురా. నాకు మీటరెందుకు? చెప్పింది చెయ్."

యజమాని నవ్వాడు. కొడుకు మందం ముందుకు పెట్టి బిగించాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

ఇప్పుడు మేస్త్రి అట్టపెట్టెలోంచి ఆ వాలు కొలిచే మీటరు తీశాడు. కొడుకు కొన్నది. ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"ఎంతుంది?" అన్నాడు తమ్ముడు.

"మైనస్ రెండు డిగ్రీలు. ప్లస్‌లో ఉండాలి."

"ఆ రోజే వాడి మాట విని ఉంటే అరగంట పని."

"ఇప్పుడూ అరగంటే. నోరు కాదు, స్పానరు ఆడించు."

"ఆడిస్తా. నా చేతులతో ఇంకా ఏమేం చేయించాలో అన్నీ ఇవాళే చెప్పెయ్."

"గ్యారేజీ మూతపడితే రోడ్డున పడేది నేనొక్కణ్ణే కాదు. నీ ఇంట్లో నలుగురున్నారు."

తమ్ముడు పట్టీని యాక్సిల్‌కి బిగించే యు బోల్టులు వదులు చేశాడు. మేస్త్రి చాసిస్ కింద జాకీ ఎత్తాడు. పట్టీ పైకి లేచింది. వెడ్జి బయటికొచ్చింది.

ఇంటివైపు తలుపు తెరుచుకుంది. మేస్త్రి భార్య.

"భోజనానికి లేవరా?"

"వస్తాం. నువ్వెళ్ళు."

ఆమె వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ ఈ గోడ అవతలే వంట చేసింది. ఏ పనిముట్టు దేనికో ఆమెకి తెలుసు.

"ముక్కలు తిప్పుతున్నారా?"

"మట్టి దులుపుతున్నాం."

"వాడు చెప్పిందే నిజమా?"

మేస్త్రి మీటరు మీద గుడ్డ కప్పాడు.

"కాదు. వాడికేం తెలుసు?"

ఆమె మరిదివైపు చూసింది. మరిది జీపు కిందనుంచి బయటికి రాలేదు. ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

రెండో వైపు వెడ్జి కూడా తిప్పారు. బోల్టులు బిగించారు. జాకీ దించి మళ్ళీ మీటరు పెట్టారు. ప్లస్ నాలుగు. నట్ల మీద స్పానరు గీతలు తెల్లగా కనబడుతున్నాయి. అవి కనబడకుండా సీట్ల మీది బురదే నీళ్ళలో కలిపి పూశారు.

సోమవారం ఇన్‌స్పెక్టరు పదీ ఇరవైకి వచ్చాడు. చొక్కా మాసిపోతుందని చూడకుండా జీపు కిందికి దూరాడు. తన మీటరే వాడాడు. రెండు వైపులా రెండేసిసార్లు కొలిచాడు.

"నేను చెప్పాక ఎవరూ తాకలేదుగా?"

"లేదండీ."

"పని మీదేనా?"

"నాదేనండీ."

"ప్లస్ నాలుగు. వంక పెట్టడానికి లేదు మేస్త్రిగారూ. ఆయన అనవసరంగా మీ మీద పడ్డాడు." ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గర కూర్చుని కాగితం నింపాడు. "మీ గ్యారేజీకి ఏ ఇబ్బందీ రాదు. ఇక్కడో సంతకం పెట్టండి."

'బండిలో ఏ లోపమూ లేదు, యజమానికి అప్పగించడానికి నడిపి తీసుకెళ్తున్న మెకానిక్ అజాగ్రత్త వల్లే కాలవలో పడింది' అన్న వాక్యం కింద, 'మృతుడి తండ్రి' అని రాసి ఉన్నచోట మేస్త్రి సంతకం పెట్టాడు.