సెంటు సీసా

కారు ఇంటిముందు ఆగడం, బానెట్ సందుల్లోంచి పొగ రావడం ఒకేసారి జరిగాయి. సీటుబెల్టు ఊడక గింజుకుంటున్న భార్యను, డ్రైవర్ సీట్లోంచి దూకిన అతను అటువైపు పరుగున వెళ్ళి, బెల్టు ఊడబెరికి బయటికి లాగేశాడు. ఆ వెంటనే కారు భగ్గుమంది.

మంటలు ఆరాక చుట్టూ జనం మూగారు. అత్తగారు అతని కాలిన చేతికి మందు రాస్తూ, "నా బిడ్డని మళ్ళీ నా చేతిలో పెట్టావు నాయనా," అని కళ్ళొత్తుకుంది.

అతను తలెత్తలేదు.

"అల్లుడంటే ఇలా ఉండాలి. పొగిడితే ఎలా సిగ్గుపడుతున్నాడో చూడండి!" అంది పక్కింటావిడ.

నీళ్ళ గొట్టం చుడుతున్న ఫైర్‌మన్ ఆగి అడిగాడు. "పెట్రోలు పైపు చీలినట్టుందండీ. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు. మీకు కారులో వాసన రాలేదా?"

భార్య అతని వైపు ఒకసారి చూసింది.

"లేదండీ. మల్లెపూల సెంటు వాసన తప్ప ఇంకేం రాలేదు," అంది.

నలుగురిలో నిలబెట్టి తిట్టినా ఇంతకంటే నయమనిపించింది అతనికి.

"వచ్చిందండీ," అన్నాడు. "మెకానిక్‌కి చూపించమని తను రోజూ మొత్తుకునేది. 'నీది ముక్కా, పోలీసు కుక్క ముక్కా?' అని నవ్వేవాణ్ణి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ వచ్చాను. చివరికి ఆ గోల పడలేక, వాసన తెలియకుండా సెంటు సీసా కొని కారులో వేలాడదీసింది నేనే."

మందు రాస్తున్న అత్తగారి వేలు అతని చేతిమీద అలాగే ఆగిపోయింది.