తోడు వెళ్లేదెవరు

ఫెబా సంచిలో దుప్పటి, బైబిలు పెట్టి, పైన తన చీరలు రెండు సర్దింది. కొవిడ్ వార్డుకు అమ్మతో ఒక్కరినే రానిస్తారు.

"నీ చీరలు తియ్యవే. అక్క వస్తుంది," అంది అమ్మ ఆయాసపడుతూ.

ఫెబాకు ఒళ్లు మండిపోయింది. "పిచ్చి మాత్రలు మింగేదా నీకు తోడు? ఎప్పుడూ నీకు అదే! నేనేమన్నా మిరపకల్లంలో దొరికానా?"

అక్క సలోమి నవ్వింది. "తిడితే తిట్టావుగానీ, ఆ పిచ్చి మాత్రలు మర్చిపోకుండా పెట్టవే."

"ఈ బైపోలార్ జబ్బు మా అమ్మకుండేది, నాకొచ్చింది, అక్కకొచ్చింది," అంది అమ్మ. "దాన్నెట్లా కాచుకోవాలో సలోమికి తెలుసు. మా అందరికీ నిద్ర చెడిన తర్వాతే మొదలైంది. నీకింకా రాలేదు. ఆ వార్డులో జాగారం చేస్తే నీకూ వస్తుందేమోనే!"

చిన్నప్పుడు అక్క నిద్రపోని రాత్రుల్లో అమ్మ తనను పెద్దమ్మ ఇంట్లో పడుకోబెట్టి వచ్చేది. వెళ్లగొట్టిందనే ఇన్నేళ్లూ అనుకుంది ఫెబా.

ఆమె తన చీరలు తీసి, అక్కవి పెట్టింది.

సలోమి పన్నెండో రోజున ఒక్కతే వచ్చింది. అమ్మ రాలేదు. 2021 మే పద్నాలుగు, శుక్రవారం ఉదయం పోయింది.