మాట్లాడే రేడియో

రిచర్డ్ పేరెత్తితే నర్సింగానికి ఒళ్లు మండేది.

పోయిన వానకాలం, ఇంజను లేని విమానం ఒకటి హైదరాబాదు దిక్కు నుంచి గాలి మీద తేలుకుంట వచ్చి, కుల్చారం కాడ ఆయన మడిల దిగవడ్డది. అప్పుడే వేసిన నాటు బురదల కలిసింది. దాన్ని నడిపినోడే రిచర్డ్.

"పక్కన ఇంత బీడు ఉండంగ, నా మడే దొరికిందా వానికి?"

మెదక్ బజారుల తన రేడియో దుకాణానికి ఎవరొచ్చినా నర్సింగం ఇదే మాట.

ఏడాది తిరగకముందే ఆ రిచర్డే దుకాణం మెట్లెక్కిండు. మడిల దిగినప్పుడు దెబ్బ తాకిన నడుం పట్టుకొని, మెల్లగ.

"నర్సింగం గారూ, విమానంల పెట్టుకునేటందుకు రేడియో కావాలె. తేలికది, చవుకది. మా విమానాల క్లబ్బుల పైసలు తక్కువ."

"ఏం, పైన పాటలు వింటవా?"

"వినుడొక్కటే కాదు, మాట్లాడేది కావాలె. ఏడ దిగిననో మావోళ్లకు చెప్పాలె గద. మీ మడిల పడ్డనాడు వాళ్లు నన్ను వెతికేసరికి పొద్దుగూకింది."

మూలకు మిలిటరీ వేలంల కొన్న పాత సెట్టు ఉన్నది. వినొచ్చు, మాట్లాడొచ్చు. కొనేటోడు లేక ఏండ్ల సంది దుమ్ము పట్టింది.

రిచర్డ్ దాన్ని రెండు చేతుల ఎత్తి బరువు చూసిండు. బ్యాటరీ తగిలించి చెవి ఆనిచ్చిండు. మొకం వెలిగింది.

"ఇదే. ఇంతకన్న చవుకది నాకు ఎక్కడా దొరకదు. ఇయ్యిండ్రి."

"అది అమ్మేది కాదు."

"మరి దుకాణంల ఎందుకు పెట్టిండ్రు?"

"నా ఇష్టం. బీడు ఇడిసిపెట్టి నా నాటు తొక్కినోనికి మాత్రం ఇయ్య."

"బీడు ఖాళీగ లేకుండె, నర్సింగం గారూ."

"ఏముండె? పెండ్లి పందిరి ఉండెనా?"

దుకాణంల ఉన్నోళ్లు పకపక నవ్విండ్రు. రిచర్డ్ సెట్టును ఉన్నకాడనే పెట్టి మెట్లు దిగిండు.

నెల తిరగలే.

నర్సింగం పెండ్లాం భూలక్ష్మి, చంకల కొడుకుతోని పగటి బువ్వ తెచ్చింది. దుకాణంల రేడియో వార్తలు చెప్తున్నది. నర్సాపూర్ అడవిల ఇంజను లేని విమానం కూలింది. ఏడ పడ్డదో తెల్వక, వెతికెటోళ్లు రెండో నాటికి గాని చేరలేదు. అప్పటికే రిచర్డ్ పానం పోయింది.

నర్సింగం చూపు మూలకున్న సెట్టు మీదికి పోయింది.

భూలక్ష్మి గిన్నె కింద పెట్టింది.

"గా సారేనా? మన మడిల దిగిన సారు?"

"ఆ."

"నీకొక మాట చెప్పలే. పిలగాన్ని పొలం కాడికి తీస్కపోవద్దంటివి. నాట్ల నాడు తీస్కపోయిన. తిడ్తవని దాచిపెట్టిన."

"అయితే?"

"నాటేసెటోళ్లమందరం పిల్లల్ని గా బీడు మీదనే గొంగడేసి పండవెట్టినం. ఇమానం సక్కగ గాడికే దిగవట్టె. మేం ఉరుకుదమంటే బురదల కాళ్లు రాకపాయె. పిల్లల్ని చూసిండేమో, ఆఖరుకు మడిలకు మలిపిండు."

నర్సింగం కొడుకు దిక్కు చూసిండు. వాడు చెయ్యి చాపి రేడియో గుండీ తిప్పవట్టిండు.

విమానం దిగిన ఆ నాడు నర్సింగానికి పోయింది పది గుంటల నాటే.